అచ్చు వేసే చేతులు

బడులు తెరిచిన కొత్తలో మీ చేతికి కొత్త పాఠ్యపుస్తకాలు వస్తాయి. వాటిని అందుకోగానే మీరు మొదట చేసే పని ఏమిటి? పేజీలు విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు. అవునా? చిన్నప్పుడు నేనూ అదే చేసేవాడిని. నిజం చెప్పాలంటే ఇప్పటికీ చేస్తాను. ఆ వాసనలో కొంత కాగితానిది, కొంత బైండింగు జిగురుది, కొంత అచ్చు సిరాది. మనకు ఆ సిరాతో ఉన్న పరిచయం ఆ ఒక్క నిమిషమే. మరి రోజంతా ఆ సిరాలో చేతులు పెట్టి పనిచేసే వారి మాటేమిటి? ఈ నెల మనం వారి చేతుల గురించి తెలుసుకుందాం.

రెండేళ్ళ క్రితం ఒక పెళ్ళి విందులో నా పాత విద్యార్థి ఒకడు నా పక్క విస్తరి ముందు కూర్చున్నాడు. పదో తరగతి నా దగ్గరే చదివాడు. అందరం చేత్తో కలుపుకుని తింటున్నాం. అతను మాత్రం చెంచా అడిగి తెప్పించుకున్నాడు.

"ఏరా, దొరవైపోయావా? పప్పన్నం చెంచాతో తింటున్నావు!" అన్నాను నవ్వుతూ.

"అది కాదు మాస్టారూ. కారం తగిలితే చేతులు మండిపోతున్నాయి" అన్నాడు తల వంచుకుని.

భోజనాలయ్యాక పక్కకు పిలిచి చేతులు చూపించమన్నాను. వేళ్ళ సందులు ఎర్రగా ఒరిసిపోయి ఉన్నాయి. చేతుల వెనుక వైపు పొలుసులు లేచాయి. కణుపుల దగ్గర చర్మం పగిలి నెత్తురు చెమ్మ కనిపిస్తోంది. అరచేతులు మాత్రం అంత పాడవలేదు. కుడి తొడ మీద కూడా అరచెయ్యంత మచ్చ ఉందని చెప్పాడు. అతను పక్క పట్నంలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో నాలుగేళ్ళుగా మెషీను నడుపుతున్నాడు. మందుల షాపులో అడిగి కొన్న ట్యూబు రాస్తే నాలుగు రోజులు తగ్గుతుందట, మళ్ళీ మొదలవుతుందట. "గజ్జి అనుకుంటున్నారు మాస్టారూ. ఇంట్లో నా తువ్వాలు వేరు, కంచం వేరు. ఏడాది పిల్ల, దాన్ని ఎత్తుకోనివ్వడం లేదు" అన్నప్పుడు అతని గొంతు మారింది.

నేను ఒకే ఒక ప్రశ్న అడిగాను. "సెలవు రోజుల్లో ఎలా ఉంటుంది?"

కొంచెం ఆలోచించాడు. "సంక్రాంతికి నాలుగు రోజులు మూసేశారు. అప్పుడు చాలావరకు తగ్గింది" అన్నాడు.

పిల్లలూ, గజ్జికి సంక్రాంతి సెలవు ఉండదు! పని ఆపితే తగ్గి, పనిలోకి వెళితే పెరుగుతోందంటే కారణాన్ని పనిలోనే వెతకాలి. ఇది కొత్త ఆలోచన కాదు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో వృత్తుల వల్ల కలిగే జబ్బుల మీద ఒక పుస్తకం రాశాడు. రోగిని అడిగే ప్రశ్నలతో పాటు "నువ్వు చేసే పని ఏమిటి?" అనే ప్రశ్న కూడా వైద్యుడు తప్పక అడగాలని అందులో చెప్పాడు. మూడు వందల ఏళ్ళు దాటినా ఆ ప్రశ్న విలువ తగ్గలేదు.

కాటుక వంటిదే సిరా

ప్రెస్సులో ఏమేమి ఉంటాయో చూద్దాం. మీ ఇంట్లో అమ్మమ్మ కాటుక చేయడం చూశారా? దీపపు మసి పట్టి ఆముదంతో రంగరిస్తుంది. నల్ల అచ్చు సిరా తయారీ సూత్రం కూడా అదే. అందులో మెత్తని కర్బనపు మసి ఉంటుంది. ఆముదానికి బదులు అవిసె నూనె, ఖనిజ నూనె, కొన్ని రెజిన్లు ఉంటాయి. త్వరగా ఆరడానికి కోబాల్టు, మాంగనీసు లోహాల లవణాలను కొద్దిగా కలుపుతారు. రంగు సిరాలలో మసికి బదులు వేరే వర్ణకాలు ఉంటాయి.

నూనె, నీరు కలవవు కదా. ఈ చిన్న సంగతిని ఆధారం చేసుకుని 1796 ప్రాంతంలో జర్మనీలో అలోయిస్ జెనెఫెల్డర్ అనే ఆయన రాతిపలక మీద అచ్చు వేసే పద్ధతి కనిపెట్టాడు. నేటి ఆఫ్‌సెట్ దాని మనుమడే. ప్లేటు మీద అక్షరం ఉన్న చోట నూనె సిరా అంటుకుంటుంది. అక్షరం లేని చోట నీరు నిలిచి సిరాను రానివ్వదు. ప్లేటు మీది సిరా ముందు రబ్బరు బ్లాంకెట్ మీదికి, అక్కడి నుండి కాగితం మీదికి వెళుతుంది.

ఆ నీరు వట్టి నీరు కాదు. దాన్ని ఫౌంటెన్ ద్రావణం అంటారు. అందులో స్వల్పంగా ఆమ్లం, ఒక రకం తుమ్మబంక, చాలా చోట్ల ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఉంటాయి. పూర్వం ఇందులో డైక్రోమేట్ అనే క్రోమియం లవణం కూడా కలిపేవారు. అది ఎందరో కార్మికుల చేతులను పాడుచేసింది.

అసలు చిక్కు శుభ్రం చేసేటప్పుడు వస్తుంది. ఒక రంగు అయిపోయి మరో రంగు వేయాలంటే రోలర్లను, బ్లాంకెట్‌ను సిరా లేకుండా తుడవాలి. నూనె సిరా నీటికి పోదు. కాబట్టి కిరోసిన్, పెట్రోలు, టర్పెంటైను వంటి ద్రావణులతో గుడ్డ తడిపి తుడుస్తారు. పెళ్ళిళ్ళ సీజనులో, ఎన్నికల రోజుల్లో ఈ పని రోజుకు ఎన్నో సార్లు చేయాలి. పని ముగిశాక అదే పెట్రోలుతో చేతులు కడుక్కుని, పైన బట్టల సోడా పొడితో రుద్దుకుంటారు. మన విద్యార్థి నాలుగేళ్ళుగా చేసిందీ ఇదే.

ఇటుకల గోడ

ఇప్పుడు చర్మం సంగతికి వద్దాం. చర్మం పైపొరలో అన్నిటికన్నా వెలుపల ఉండేవి చచ్చిపోయిన కణాలు. చచ్చినవే అయినా పనికిమాలినవి కావు! బల్లపరుపుగా, కెరటిన్ అనే గట్టి ప్రొటీనుతో నిండి, ఒకదానిపై ఒకటి ఇటుకల్లా పేర్చి ఉంటాయి. ఇటుకల మధ్య సున్నం ఉన్నట్టే వీటి మధ్య కొవ్వు పదార్థాలు ఉంటాయి. లోపలి నీరు ఆవిరైపోకుండా, బయటి రసాయనాలు లోపలికి రాకుండా ఈ గోడే కాపలా కాస్తుంది. దీని మందం ఎంతో తెలుసా? శరీరంలో చాలా చోట్ల 0.01 నుండి 0.02 మిల్లీమీటర్లు. మీరు చదువుతున్న ఈ కాగితం కన్నా పలుచన. అరచేతులు, అరికాళ్ళలో మాత్రం చాలా మందంగా ఉంటుంది. మన విద్యార్థి అరచేతులు బాగానే ఉండి, వేళ్ళ సందులు, చేతుల వెనుక భాగం ఎందుకు పాడయ్యాయో ఇప్పుడు మీకు అర్థమైందా?

పెట్రోలు నూనెను కరిగిస్తుంది. సిరాలోని నూనె ఏది, చర్మంలోని కొవ్వు ఏది అనే తేడా దానికి తెలియదు. రెండింటినీ కరిగిస్తుంది. అంటే పెట్రోలుతో చేతులు కడిగిన ప్రతిసారీ మన గోడలోని సున్నాన్ని మనమే గీకేస్తున్నామన్న మాట. చర్మం ఉపరితలం స్వల్పంగా ఆమ్ల గుణం కలది. దాని పి.హెచ్. సుమారు 5. బట్టల సోడా క్షారం. అది గోడను మరింత దెబ్బతీస్తుంది. పొడితో గట్టిగా రుద్దితే ఇటుకలు కూడా లేచిపోతాయి. ఇక పొడి కాగితం. రోజంతా వేల కాగితాలు సర్దే చేతుల చెమ్మను, నూనెను అది పీల్చుకుంటుంది. ఇలా నాలుగు వైపుల నుండి దాడి జరిగితే గోడ పగుళ్ళు తీస్తుంది. పగుళ్ళ గుండా రసాయనాలు లోపలికి వెళతాయి. మంట, ఎరుపు, దురద మొదలవుతాయి.

ఒక్కసారి పెట్రోలు తగిలినంత మాత్రాన ఇలా జరగదు. గోడ తనను తాను బాగుచేసుకుంటుంది. పైపొర మొత్తం కొత్తది కావడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. రోజూ బాగయ్యే దానికన్నా రోజూ పాడయ్యేది ఎక్కువైతేనే జబ్బు. అందుకే ఇది నెలల తరబడి తెలియకుండా పెరుగుతుంది.

మంట వేరు, పడకపోవడం వేరు

ఇంతవరకు చెప్పుకున్నది ఒక రకం. ఇది ఎవరికైనా రావచ్చు. తగిలినది ఎంత ఎక్కువైతే, ఎంతసేపైతే అంత బాధ. దీన్ని రాపిడి, రసాయనాల వల్ల వచ్చే మంట అనుకోండి.

రెండవ రకం అలెర్జీ. అంటే పడకపోవడం. వయ్యారిభామ మొక్క మీకు తెలుసు. పొలం గట్టున దాన్ని పీకిన పదిమందిలో ఒకరికి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, మిగతావారికి ఏమీ కాదు. చాకళ్ళు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి రసం కూడా అంతే. కారణం ఏమిటంటే, కొన్ని రసాయనాలు చర్మంలోకి దూరి అక్కడి ప్రొటీన్లతో కలుస్తాయి. మన శరీరంలోని రక్షక కణాలు ఆ కొత్త రూపాన్ని శత్రువుగా భావించి జ్ఞాపకం పెట్టుకుంటాయి. ఆ పరిచయానికి కనీసం పది, పదిహేను రోజులు పడుతుంది. కొందరిలో ఏళ్ళు కూడా పట్టవచ్చు. ఒకసారి జ్ఞాపకం ఏర్పడ్డాక ఆ పదార్థం రవ్వంత తగిలినా చాలు. ఒకటి రెండు రోజుల్లో చర్మం ఎర్రబడి పొక్కులు వస్తాయి. ఈ జ్ఞాపకం చాలావరకు జీవితాంతం ఉంటుంది.

ప్రెస్సులో ఇలాంటి గుణం గల పదార్థాలు ఉన్నాయి. క్రోమియం లవణాలు, కోబాల్టు లవణాలు అందులోవి. తాపీ పనివారి చేతులు సిమెంటు వల్ల పాడవడానికి కూడా ముఖ్య కారణం క్రోమియమే. నేడు కొన్ని ప్రెస్సుల్లో అతినీలలోహిత కిరణాలు తగలగానే క్షణంలో గట్టిపడే సిరాలు వాడుతున్నారు. వాటిలో అక్రిలేట్లు అనే పదార్థాలు ఉంటాయి. గట్టిపడ్డాక భయం లేదు. పచ్చిగా ఉన్నప్పుడు చర్మానికి తగిలితే అలెర్జీ రావచ్చు.

ఈ తేడా ఎందుకు తెలుసుకోవాలి? మొదటి రకమైతే చేతులను కాపాడుకుంటూ అదే పని చేసుకోవచ్చు. రెండవ రకమైతే ఆ పదార్థానికి పూర్తిగా దూరం కావాలి. ఒక్కోసారి వచ్చిన పనినే వదులుకోవలసి వస్తుంది. మన విద్యార్థి బతుకుతెరువు ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది. ఒకటి మాత్రం నిశ్చయం. ఈ రెండూ అంటువ్యాధులు కావు. తండ్రి చేతి నుండి బిడ్డకు అంటుకోవు.

నేను చేసిన పొరపాటు

సైన్సు మాస్టారిని కదా, వెంటనే సలహా ఇచ్చేశాను. ఆసుపత్రుల్లో వాడే పలుచని రబ్బరు చేతి తొడుగుల పెట్టె కొనిచ్చి, "ఇవి తొడుక్కుని పని చెయ్యి" అన్నాను. మూడు వారాల తర్వాత అతను ఫోను చేశాడు. చేతులు ఇంకా పాడయ్యాయట! "తొడుగు అరగంటకే ఉబ్బి వదులైపోతోంది మాస్టారూ. వేళ్ళ దగ్గర చిరుగుతోంది" అన్నాడు.

పొరపాటు నాదే. సహజ రబ్బరు పెట్రోలును, కిరోసిన్‌ను పీల్చుకుని ఉబ్బుతుంది. పీల్చుకున్న ద్రావణి తొడుగు లోపల చర్మానికి ఆనుకుని ఉండిపోతుంది. గాలి తగలదు, ఆవిరై పోదు. తొడుగు లేకపోవడం కన్నా అది మరీ చెరుపు. పచ్చి అక్రిలేట్లు కూడా ఇలాంటి పలుచని రబ్బరు గుండా నిమిషాల్లో దూరిపోతాయి. కిరోసిన్ వంటి నూనె ద్రావణులకు నైట్రైల్ రబ్బరుతో చేసినవి కావాలి. ఏ రసాయనానికి ఏ తొడుగు పనికివస్తుందో దానిని అమ్మేవారు ఇచ్చే సురక్షా పత్రంలో ఉంటుంది. అది చదవకుండా నేను సలహా చెప్పాను. మీరు అలా చేయకండి.

చేసి చూడండి

ఒకటి: కాటుక తీసుకుని రెండు వేళ్ళకు పూయండి. ఒక వేలిని వట్టి నీటితో కడగండి. రెండో వేలికి నాలుగు చుక్కల కొబ్బరి నూనె రాసి, మెత్తని గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. ఏది శుభ్రపడింది? నూనె సిరాను తీయడానికి పెట్రోలే అక్కరలేదని, నూనె కూడా నూనెను కరిగిస్తుందని మీకే తెలుస్తుంది.

రెండు: దీన్ని బడిలో, మీ మాస్టారు దగ్గరుండగా మాత్రమే చేయాలి. దగ్గరలో మంట ఉండకూడదు. పగిలిన బెలూను నుండి రూపాయి బిళ్ళంత గుండ్రని ముక్కలు రెండు కత్తిరించండి. వాటి అంచులను కాగితం మీద గీసుకోండి. ఒకదాన్ని నీటిలో, రెండోదాన్ని మూత ఉన్న గాజు సీసాలో కొద్దిగా కిరోసిన్‌లో వేయండి. కొన్ని గంటల తర్వాత మాస్టారు పట్టకారుతో తీసి గీత మీద పెడతారు. నీటిలోది గీతకు సరిపోతుంది. కిరోసిన్‌లోది గీత దాటి పెరుగుతుంది. మెల్లగా లాగి చూస్తే మెత్తబడి తేలికగా చిరుగుతుంది. నా పొరపాటు మీ కళ్ళ ముందే ఉంటుంది!

తొడ మీద మచ్చ ఎందుకు?

ఇది మాత్రం నాకు చాలా రోజులు అంతు చిక్కలేదు. ఒకసారి ఆ ప్రెస్సుకు వెళ్ళి ఒక గంట కూర్చున్నాను. బ్లాంకెట్ తుడిచి, పెట్రోలు తడి ఆరని గుడ్డను అతను ప్యాంటు కుడి జేబులో దోపుకున్నాడు. మళ్ళీ కావలసినప్పుడు తీశాడు. మీకు సమాధానం దొరికింది కదా! ఉంగరం కింద, గడియారం పట్టీ కింద కూడా రసాయనం ఇలాగే నిలిచి చర్మాన్ని కాలుస్తుంది. అందుకే పనిలో అవి తీసి పక్కన పెట్టాలి.

ఆ గుడ్డను గురించి యజమానితో చెప్పబోతే "చేతులు నల్లబడకుండా ప్రెస్సు పని ఎక్కడైనా ఉందా మాస్టారూ?" అన్నాడు ఆయన. ఇలా అనుకునేది మన దేశంలోనే కాదు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌షైర్ ప్రాంతపు ముద్రణ కార్మికులను గురించి జరిపిన సర్వే ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. తమకు ఎప్పుడో ఒకప్పుడు చర్మ బాధ కలిగిందని నూటికి 41 మంది చెప్పారు. ఎక్కువగా దెబ్బతిన్నవి వేళ్ళు, వేళ్ళ సందులే. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడా రసాయనాలు, రంగులు తగిలి వచ్చే చర్మవ్యాధిని వృత్తి జబ్బుల పట్టికలో చేర్చింది. అంటే ఇది కార్మికుడి తలరాత కాదు, నివారించదగిన జబ్బు.

చేతులను కాపాడే మార్గాలు

దూరం, అడ్డు, పరిశీలన. ఈ మూడు మాటలు గుర్తుంచుకోండి.

మొదటిది దూరం. అన్నిటికన్నా మేలైనది చెరుపు చేసే పదార్థాన్నే మార్చడం. 1980ల చివరలో డెన్మార్కులోని ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో పెట్రోలియం ద్రావణులకు బదులు మొక్కల నూనెల నుండి తయారైన ద్రవాలతో రోలర్లు తుడవడం మొదలుపెట్టారు. అవి త్వరగా ఆవిరి కావు, సులువుగా అంటుకోవు. తుడవడానికి కొంచెం ఎక్కువ సేపు పడుతుంది, అంతే. మార్చలేకపోతే చెయ్యి తగలకుండా చూడాలి. పిడి ఉన్న బ్రష్షు, నొక్కితే కొద్దిగా మాత్రమే ద్రవం వచ్చే డబ్బా వాడాలి. ద్రావణి డబ్బాలకు, వాడిన గుడ్డల బుట్టకు మూత ఉండాలి.

ఆవిరి సంగతి తేలికగా తీసుకోవద్దు. జపానులోని ఒసాకాలో ఒక ముద్రణాలయంలో గాలి సరిగా ఆడని గదిలో 1,2-డైక్లోరోప్రొపేన్ వంటి ద్రావణులతో సిరా తుడిచిన కార్మికులలో చాలామందికి పిత్తవాహిక క్యాన్సరు వచ్చిందని 2012లో బయటపడింది. ఆ ద్రావణి క్యాన్సరు కారకమని 2014లో అంతర్జాతీయ నిపుణులు తేల్చారు. కిటికీ తెరిచి ఉంచడం కూడా సైన్సే.

రెండవది అడ్డు. తగిన తొడుగును కడిగి ఆరిన చేతులకే వేసుకోవాలి. సిరా అంటిన చేతులకు వేసుకుంటే దొంగను ఇంట్లో పెట్టి తలుపు వేసినట్టే. చిరిగినా, ఉబ్బినా వెంటనే మార్చాలి. తీసేటప్పుడు బయటి వైపు వేళ్ళకు తగలకుండా తిరగేసి లాగాలి. తిరిగే రోలర్ల దగ్గర మాత్రం తొడుగుతో చెయ్యి పెట్టరాదు. అది రోలర్ల మధ్య చిక్కుకుని చేతిని లాగేస్తుంది. మెషీను ఆపిన తర్వాతే తుడవాలి. చేతులు కడగడానికి పెట్రోలు, బట్టల సోడా, ఇసుక, రంపపు పొట్టు వద్దు. ముందు నూనెతో తుడిచి, తర్వాత మెత్తని సబ్బు, గోరువెచ్చని నీరు చాలు. తుడుచుకున్నాక వాసన లేని లేపనం గాని, వేజలీను గాని రాయాలి. గోడకు కొత్త సున్నం వేసినట్టన్న మాట. పనికి ముందు రాసే క్రీములు ఉన్నాయి గాని అవి తొడుగుకు బదులు కావు.

మూడవది పరిశీలన. వారానికి ఒకసారైనా వెలుతురులో చేతులు చూసుకోవాలి. వేళ్ళ సందుల్లో పొడిబారడం, ఎరుపు, దురద కనిపిస్తే అది మొదటి గంట. అప్పుడే వైద్యుని కలిస్తే తొందరగా నయమవుతుంది. మందుల షాపులో అడిగి కొనే ట్యూబులలో చాలా వాటిలో స్టిరాయిడ్లు ఉంటాయి. వైద్యుని సలహా లేకుండా వాటిని నెలల తరబడి రాస్తే దురద అణిగినట్టుంటుంది గాని చర్మం మరింత పలుచబడుతుంది.

వీపు మీద పరీక్ష

చివరకు మన విద్యార్థిని వైద్య కళాశాల ఆసుపత్రి చర్మ విభాగానికి తీసుకువెళ్ళాను. మంట తగ్గాక వైద్యురాలు అతని వీపు మీద ఒక పరీక్ష చేశారు. అనుమానం ఉన్న పదార్థాలను అతి తక్కువ మోతాదులో చిన్న చిన్న బిళ్ళలుగా అంటించి రెండు రోజులు ఉంచారు. తీసిన రోజు ఒకసారి, మరో రెండు రోజులకు మరోసారి చూశారు. ఏదైనా పడకపోతే ఆ బిళ్ళ కింద మాత్రమే చర్మం ఎర్రబడుతుంది. 1895లో యోసెఫ్ యాడసోన్ అనే వైద్యుడు ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. ఇంట్లో ఎవరూ సొంతంగా సిరా రాసుకుని చేయకూడదు.

నాలుగో రోజున అతను బయటికి వచ్చి "ఏ బిళ్ళ కిందా ఎర్రబడలేదు మాస్టారూ!" అన్నాడు. అంటే అలెర్జీ కాదు. పని వదలక్కరలేదు. అంటువ్యాధి కాదని వైద్యురాలు అతని భార్యకు స్వయంగా చెప్పారు. చర్మం చూడడానికి బాగున్నా గోడకు పూర్వపు బలం రావడానికి నెలలు పడుతుందని, అంతవరకు జాగ్రత్త తప్పరాదని కూడా హెచ్చరించారు.

యజమాని మొదట సణిగినా, నైట్రైల్ తొడుగులు, మూత ఉన్న బుట్ట తెప్పించాడు. చేతులు బాగుంటే సెలవులు తగ్గుతాయని ఆయనకూ అర్థమైంది. రోలర్లకు ఇంకా కిరోసినే వాడుతున్నారు. అది మారాలి. మొన్న సంక్రాంతికి మన విద్యార్థి కూతురిని ఎత్తుకుని మా ఇంటికి వచ్చాడు. పులిహోర పెడితే చేత్తో తిన్నాడు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ప్రెస్సులో, మెకానిక్ షెడ్డులో, రంగుల పనిలో, తాపీ పనిలో ఉన్నవారు ఉంటారు. ఈ పాఠం వారికి చదివి వినిపించండి. ఒకసారి వారి చేతులు కూడా చూడండి.

ఆలోచించండి

1. అరచేతికన్నా వేళ్ళ సందులు ముందుగా ఎందుకు పాడవుతాయి?

2. ఒకే ప్రెస్సులో ఒకే పని చేసే ముగ్గురిలో ఒక్కరికే పొక్కులు వచ్చాయి. అతనికి ఉన్నది ఏ రకం బాధ కావచ్చు? ఎలా తేల్చుకుంటారు?

3. రోజంతా అంట్లు తోమే వారి చేతులకు, ప్రెస్సు కార్మికుల చేతులకు పోలిక ఏమిటి?